అంచు దగ్గర

ఆటోనగర్లో తెల్లారడమంటే
రేకు మీద మొదటి సుత్తి దెబ్బ.
కాకులు దాని తర్వాతే.

చేరి మూడో నెల. ఇవాళే నా చేతికిచ్చాడు మిషను
మీరావలి మేస్త్రి.
ఇన్నాళ్ళూ గుడ్డలు ఉతికాను, టేపులు అంటించాను,
టీలు మోశాను,
తుక్కు కొట్టు నుంచి తెచ్చిన సొట్ట బానెట్టు మీద
కరెంటు పెట్టని మిషన్ని అటూ ఇటూ తిప్పాను,
నోటితో గుర్రుమంటూ.

"వైరు భుజం మీంచి వెనక్కెయ్.
ప్యాడు బండికి ఆనాకే స్విచ్చి. గాల్లో నొక్కావా,
కాంపౌండంతా నీ మొహానికే."
"నీ బరువు పెట్టమాక. దాని బరువు దానికి చాలు."
"ఆగావో, కాలుద్ది."

బండి గుంటూరుది. మిర్చి యార్డులో కమీషను కొట్టు పిచ్చిరెడ్డి గారిది.
రెండుసార్లు కడిగినా
తలుపు సందుల్లో ఇంకా ఎర్ర పొడి.
స్విచ్చి నొక్కగానే షెడ్డంతా తుమ్ములు.
పక్క షెడ్డులో లేతు పని చేసే భూషణం
అక్కణ్ణించే తుమ్మి
అక్కణ్ణించే తిట్టాడు.

నిమిషానికి పన్నెండొందల చుట్లు.
మొదటిసారి అదే నన్ను లాక్కుపోయింది
పలుపు పట్టుకున్నవాణ్ణి కోడెదూడ లాక్కుపోయినట్టు,
బంపరు దాకా.
మేస్త్రి నవ్వలేదు.
"ఒంటితో పట్టుకోరా" అన్నాడంతే.

కాళ్ళు ఎడం చేసి, నడుం వంచి
అడ్డంగా ఓ సాలు, నిలువుగా ఓ సాలు.
త్వరగా కానివ్వాలి, వైశాఖంలో బెజవాడ ఎండ
పదింటికే గుమ్మంలోకొచ్చి కూర్చుంటుంది,
రేకు వేడెక్కితే కాంపౌండు పెళ్ళలు కడుతుంది.
తెల్లటి జిడ్డు పలచనై, ఇంకా పలచనై
ఉన్నట్టుండి అందులో
ట్యూబులైటు, పైకప్పు, సాగిపోయిన నా ముక్కు.
అయినా
ఇంత బాగా నేనెప్పుడూ లేను.

అక్కడే చెడింది.

డ్రైవరు వైపు తలుపు మీద, మధ్యలో
ఒక గీత లేచి ఉంటుంది.
అక్కడ రంగు దోసె అంచంత పలచన.
టేపు వెయ్యమన్నాడు. వేశాను.
అదే లేచిందో, నేనే లేపానో,
నన్ను నేను చూసుకుంటూ ఓ తుమ్మంత సేపు ఆగాను.

ముందు వాసనొచ్చింది.
తర్వాత రూపాయి బిళ్ళంత బూడిద రంగు.
దాని నడుమ, పచ్చగా, లప్పం.

మిషను ఆపినా చెవుల్లో తిరుగుతూనే ఉంది.
మేస్త్రి వచ్చి, జొరం చూసినట్టు
చెయ్యి వెనకవైపు ఆనించాడు.
గోటితో గీరాడు. గోరు వాసన చూశాడు.
నేను జీతంలో కోత లెక్కేసుకుంటున్నాను,
రెండు వారాలా, మూడా.

"ఇది నా పనే" అన్నాడు.

రామవరప్పాడు రింగులో లారీ గుద్దిన బండంట.
పుష్కరాల యేడు.
తలుపు లోపలికొచ్చి సీటుకి ఆనిందంట.
లప్పం పెట్టి, రుద్ది, రంగేసి
గీత కూడా తనే తీర్చాడంట, స్కేలు పెట్టి.
ఆ తర్వాత ఎవడో
దెబ్బ తగలని బండని అమ్ముకున్నాడు.
"నన్నెవరూ అడగలా. నేనూ చెప్పలా."

కాసేపు పాత టైరు మీద కూచున్నాడు.
టీ మీద మీగడ కట్టింది.

టచప్ కొడితే అరగంట పని.
పిచ్చిరెడ్డి గారు నాలుగింటికొస్తారు.
రంగు డబ్బా నేనే తెచ్చి ఊపాను కూడా,
లోపల గోళీ టకటకలాడింది.
"అక్కడ పెట్టెయ్" అన్నాడు.
"మిగతా బండి కానియ్. ఈసారి టేపు రెండు వరసలు."

కానిచ్చాను.
డిక్కీ దగ్గరికొచ్చేసరికి మిషను నా మాట వింటోంది
లేదా దాని మాట నేను వింటున్నాను.
ఎండలోకి తోసి చూశాం.
బండి చుట్టూ ఆటోనగరంతా తిరిగింది,
లారీలు, కరెంటు స్తంభాలు, తల ఎత్తిన భూషణం,
ఆ రూపాయి బిళ్ళంత మేర తప్ప.

మూడున్నర.
మేస్త్రి కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని
మేకుకున్న తెల్ల చొక్కా తీసి
తొడుక్కుంటున్నాడు.